లాంకాస్టర్ బల్ల మీద చందుర్తి

జూలైలో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ దిగి 222వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా వెళితే, లాంకాస్టర్ ఊరు దగ్గరపడేదాకా మొక్కజొన్న చేలు మనల్ని వదలవు. చాలావరకు అమిష్ రైతుల పొలాలు. పక్క రోడ్ల మీద వాళ్ళ గుర్రబ్బళ్ళు నింపాదిగా పోతుంటాయి. తెల్లవారుజామున న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయల్దేరి నేనూ మా మేనల్లుడూ ఆ చేల మధ్యనుంచి వెళుతున్నాం. కారు వెనక నాలుగు ప్లాస్టిక్ పెట్టెల్లో 1758 డిసెంబర్ నాటి చందుర్తి యుద్ధం సర్దిపెట్టి ఉంది. మూడు సేనలు, ఒక చెరువు, పాతిక తాటిచెట్లు, ఒక పల్లెటూరు.

"ఒరేయ్, ఆ చేలో 470 మంది దూరితే రోడ్డు మీదకి కనపడతారంటావా?" అన్నాను.

వాడు అద్దం దించి చూశాడు. "టోపీ కూడా కనపడదు మావయ్యా."

మేం ఆడించబోయే ఆటకి ఆధారమే ఆ సంగతి.

మేం వెళుతున్నది హిస్టారికాన్‌కి. చరిత్రలో నిజంగా జరిగిన యుద్ధాలను చిన్న చిన్న బొమ్మలతో బల్లల మీద ఆడేవాళ్ళ తిరనాళ్ళ అది. హిస్టారికల్ మినియేచర్స్ గేమింగ్ సొసైటీ అనే సంఘం ఏటా నడుపుతుంది. కోల్డ్ వార్స్, ఫాల్ ఇన్ అని ఆ సంఘానివే ఇంకో రెండు సంబరాలున్నా, పెద్ద పండగ మాత్రం ఇదే. ఈ ఆటల్లో చదరంగంలా గళ్ళుండవు. ఎవరు ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు, గుండు తగిలిందీ లేనిదీ పాచికలేసి తేలుస్తారు. ఏ తుపాకీ ఎంత దూరం పేలుతుంది, ఎంత దెబ్బ తింటే పటాలం బెదురుతుంది, బెదిరిన పటాలాన్ని మళ్ళీ కూడదీయాలంటే సేనాని ఎంత దగ్గరికి వెళ్ళాలి, ఇవన్నీ నియమాల పుస్తకంలో ఉంటాయి. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా లెఫ్టినెంటు, తన తండ్రి మొదలుపెట్టిన ఆటను సానబట్టి సైనికాధికారుల శిక్షణకు పనికొచ్చేలా చేశాడు. 1913లో హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' రాసి దాన్ని ఇంట్లో నేల మీదకి తెచ్చాడు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా ఈ బొమ్మల బల్లల దగ్గర పుట్టిందే. ఈ కాలపు పిల్లలకి ఆ పేరు చెబితే ఠక్కున అర్థమవుతుంది.

సంబరం జరిగే కన్వెన్షన్ సెంటర్ ఊరి నడిబొడ్డున, పెన్ స్క్వేర్‌లో ఉంది. పాత బట్టల దుకాణం ముందుగోడను అలాగే ఉంచి వెనకాల కొత్త కట్టడం లేపారు. ఆ కూడలికి ఒక చరిత్ర ఉంది. 1777 సెప్టెంబర్ 11న బ్రాండీవైన్ దగ్గర వాషింగ్టన్ ఓడిపోయాడు. బ్రిటిష్ సేన ఫిలడెల్ఫియా మీదకి వస్తుంటే కాంగ్రెస్ సభ్యులు అక్కణ్ణుంచి తరలివచ్చి, సెప్టెంబర్ 27న ఈ కూడలిలోని కోర్టుహాలులో కూర్చున్నారు. ఆ ఒక్కరోజుకి లాంకాస్టరే అమెరికా రాజధాని. ఆ తర్వాత నది దాటి యార్క్ వెళ్ళిపోయారు. మేం లోపలికి పెట్టెలు మోస్తున్న దారిలో ఒక బల్ల మీద సరిగ్గా ఆ బ్రాండీవైన్ యుద్ధమే పరిచి ఉంది. వాగు, రేవులు, పొగమంచుకి దూది. యుద్ధం ఓడి తరలివచ్చినవాళ్ళు తలదాచుకున్న చోటనే, ఆ ఓటమి తప్పేదేమోనని ఒక పెద్దాయన టేపు పట్టుకుని వాగు రేవు వెడల్పు కొలుస్తున్నాడు. ఈ సంబరానికి నేను మనసు పారేసుకున్నది ఇలాంటివి చూసే.

హాల్లో బల్లల వరసలు చూస్తూ నడవడమే ఒక యాత్ర. ఇక్కడికి గంటంబావు ప్రయాణంలో ఉన్న గెటిస్‌బర్గ్ ఏ ఏడూ తప్పదు. దాని పక్కన 1879 నాటి ఇసాండ్ల్వానా, ఆ పక్కన రష్యా మంచులో ట్యాంకులు, ఇంకొంచెం ముందుకెళితే ప్రాచీన కాలపు పోటీలు. ఆ పోటీల్లో డీబీఏ అనే నియమాలతో ఆడతారు. ఒక్కో సేనకి 12 దిమ్మలే. రోమనులైనా, మౌర్యులైనా అంతే. గంటలో తేలిపోతుంది. నాకు మాత్రం పెద్ద బల్ల, నాలుగు గంటల ఆటే ఇష్టం. సేనాని తెచ్చుకున్న ఆలోచన కళ్ళముందు చెడిపోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

వ్యాపారుల హాలు సంగతి కొంచెంలో ముగిస్తాను, అక్కడికి వెళితే జేబు ఖాళీ. కానీ వాలీస్ బేస్‌మెంట్ అని పిలిచే పాత సరుకుల సంత గురించి చెప్పకుండా ఉండలేను. అక్కడ ఆటగాళ్ళే తమ సేనలను అమ్ముకుంటారు. కళ్ళు ఆనక రంగులు వేయలేకపోతున్నవాళ్ళు, ఇల్లు మారుతున్నవాళ్ళు, పోయిన నాన్నగారి బొమ్మలు తెచ్చిన కొడుకులు. ఒక బల్ల మీద తలపాగాల గుర్రపు రౌతులు పన్నెండు మంది కనపడ్డారు. బొమ్మ ఎత్తు 15 మిల్లీమీటర్లు. ఒకణ్ణి దిమ్మ పట్టుకుని ఎత్తాను. బొమ్మను పట్టుకోకూడదు, రంగు లేస్తుంది. కళ్ళజోడు పైకి నెట్టి దగ్గరగా చూస్తే, నడుముకి చుట్టిన పట్కాలో ఎరుపు మీద సన్నటి పసుపు అంచు వేసి ఉంది. వెంట్రుక మందం గీత. గుర్రం మెడ మీద చెమట పట్టినచోట రంగు ఒక్క ఛాయ ముదురు. దిమ్మ తిరగేస్తే వేసినవాడి పొడి అక్షరాలు, 1988 అని సంవత్సరం. అమ్ముతున్నాయన్ని అడిగితే, తను కాదు, తనకి అమ్మినవాడు కూడా కాదన్నాడు. చేతులు మారి వచ్చిన ఆ రౌతులు ఆ పూటనుంచి విజయనగరం రాజుగారి అశ్వదళం అయ్యారు.

చందుర్తి ఎందుకని ప్రతివాళ్ళూ అడుగుతారు. తెలుగువాళ్ళు కూడా అడుగుతారు, అదే నా బాధ. మన పుస్తకాల్లో ఆ యుద్ధం ఒక వాక్యం, పరీక్షల్లో ఒక మార్కు. గొల్లప్రోలు, పిఠాపురం వైపు బస్సులో పోతూ ఎంతమందిమి ఆ పేరు బోర్డు మీద చూసి ఊరుకున్నాం!

దాని మొదలు బొబ్బిలిలో ఉంది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల సాయంతో విజయనగరం రాజు విజయరామరాజు బొబ్బిలి కోట తీశాడు. తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి ఆయన్ని చంపాడు. తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. ఈలోగా ఫ్రెంచి గవర్నరు జనరల్ లాలీ పిలుపు మీద బుస్సీ దక్కను వదిలి వెళ్ళాడు. సందు చూసుకుని ఆనందరాజు విశాఖపట్నం పట్టుకున్నాడు, బెంగాల్లో ఉన్న ఇంగ్లీషు నాయకుడు క్లైవ్‌కి కబురు పెట్టాడు. క్లైవ్ పంపగా కల్నల్ ఫోర్డ్ ఓడల మీద విశాఖలో దిగాడు. బెంగాల్ నుంచి వచ్చాడు గనక వెంట బెంగాల్ సిపాయిల్నే తెచ్చుకున్నాడు. యుద్ధం తిరిగింది ఇక్కడే. ఆ సిపాయిలవి ఎర్రకోట్లు. ఈ తీరంలో ఫ్రెంచివాళ్ళు అంతవరకు ఎదుర్కొన్న సిపాయిలు తెల్లబట్టల్లో ఉండేవాళ్ళు. ఎర్రకోటు కనపడితే దొరల పటాలమనే వాళ్ళ లెక్క.

యుద్ధం నాడు ఫోర్డ్ దగ్గర 470 మంది యూరోపియన్లు, 1,900 మంది సిపాయిలు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, మూడు పదుల పైన ఫిరంగులు. ఈ లెక్కలు ఈస్టిండియా కంపెనీ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ ఇచ్చినవి. ఫోర్డ్ యూరోపియన్ పటాలం నిలబడ్డ చోట ముందు ఏపుగా ఎదిగిన చేను ఉంది. అవతలివాళ్ళకి వాళ్ళు కనపడలేదు. కనపడిందల్లా ఎడమ పక్కన ఎర్రకోట్ల సిపాయిలు. అదే అసలు పటాలమనుకుని ఫ్రెంచి యూరోపియన్లు దాని మీద పడ్డారు. సిపాయిలు చెదిరారు. గెలిచామనే ఊపులో ఫ్రెంచివాళ్ళు వరస చెడి తరుముతుంటే, ఫోర్డ్ పటాలం చేలోంచి వచ్చి పక్కనుంచి కాల్చింది. అక్కడితో సరి. మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం కోట పడింది, నిజాం సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందానికొచ్చాడు. ఉత్తర సర్కారుల రాత మారింది.

ఇంత కథ తెలిసిన ఆటగాడు ఆ చేను మీదకి పోతాడా? పోడు. ఆట నడిపేవాడికి అసలు పని అక్కడే పడుతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బల్ల మీద పేర్చితే అది బొమ్మల కొలువు. ఆనాడు కాన్‌ఫ్లాన్స్‌కి ఏది తెలియలేదో, ఈనాటి ఆటగాడికీ అది తెలియకూడదు. అందుకని ఎర్రకోట్ల దళాలన్నిటినీ మొదట బొమ్మలుగా పెట్టం. ఎర్రరంగు వేసిన అట్టముక్కలు పెడతాం, మీద ఒక అక్షరం. ఏ అక్షరం యూరోపియన్లదో ఫోర్డ్ ఆడేవాడు ముందుగానే నా చెవిలో చెప్పి, కాగితం మీద రాసి మడిచి ఇస్తాడు. చేలో పెట్టాలనే నిబంధన లేదు, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. తుపాకీ దూరానికి వచ్చాకే అట్ట తీసి బొమ్మలు దించుతాం. ఎవరి వంతు ఎప్పుడన్నది పేకముక్క తీస్తే తెలుస్తుంది. ఒక్కో సేనానికి ఒక్కో ముక్క. వరసగా వంతులుంటే ఆటగాడు ముందే లెక్కకట్టేస్తాడు. పేక కలిపి తీస్తుంటే తన పేరు ఎప్పుడొస్తుందో తెలియక గోళ్ళు కొరుక్కుంటాడు. సేనానికి ఉండాల్సింది ఆ ఆదుర్దాయే.

చేను తయారుచేయడం మాత్రం నాకు పండగ. కొబ్బరిపీచుతో చేసిన, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా ఒకటి కొని, వెనకనుంచి రంపపు కత్తితో ముక్కలుగా కోస్తే పీచు నిటారుగా నిలబడుతుంది. మొదలు దగ్గర ముదురాకుపచ్చ, పైన లేత పసుపు, కొసల్లో గోధుమరంగు. ఆరాక వేలితో అటూ ఇటూ దువ్వితే గాలికి ఊగి ఆగినట్టు ఉంటుంది. 15 మిల్లీమీటర్ల బొమ్మ దాని వెనక పూర్తిగా మాయమవుతుంది. ఒక బొమ్మ నలభై మందికి లెక్క గనక, 470 మంది దొరలంటే పన్నెండు బొమ్మలు. పీచులో వాళ్ళు నిజంగానే కనపడరు. బల్ల పక్కన వంగి చూసినా కనపడరు. ఫిరంగి పొగకి దూది, చెరువు గట్టుకి థర్మోకోల్ మీద పూసిన మట్టి, తాటాకులకి కత్తిరించిన కాగితం. ఇవన్నీ మేనల్లుడి పనులు. వాడికి నాకంటే చెయ్యి కుదురు.

శుక్రవారం పొద్దున్న సెంట్రల్ మార్కెట్‌కి నడిచివెళ్ళాం. కన్వెన్షన్ సెంటర్‌కి దగ్గరే. 1889లో కట్టిన ఎర్ర ఇటుకల కట్టడం. వారంలో మూడు రోజులే తెరుస్తారు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు కూరగాయలు, ఊరగాయలు, వేడివేడి ప్రెట్జెల్‌లు అమ్ముతుంటారు. మేనల్లుడు వూపీ పై కొనుక్కున్నాడు. నేను ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోరకే ఓటేశాను, కాకపోతే కాఫీ అక్కడిది తాగాను. తొమ్మిది గంటలకల్లా బల్ల దగ్గరికి చేరాలి, ఎనిమిదడుగుల పొడవు సర్దుకునేసరికి గంట పడుతుంది.

ఆరుగురు ఆటగాళ్ళు వచ్చారు. ఎవరికీ చందుర్తి పేరు తెలియదు. నేను గోదావరి ఎక్కడుందో పటంలో చూపించి, రాజమహేంద్రవరం దారి ఎటో చెప్పి, ఎవరు గెలిచారో మాత్రం చెప్పలేదు. వర్జీనియా నుంచి వచ్చిన ఒకాయన కాన్‌ఫ్లాన్స్ వేషం తీసుకున్నాడు. జాగ్రత్తపరుడు. తన ఫిరంగులన్నీ గట్టు మీదకి చేర్చేదాకా కదలలేదు. మొదటి గంట ఆయనదే. ఎర్ర అట్టల్లో ఒకదాని మీద గుళ్ళు కురిపించాడు, అది కొద్దిగా వెనక్కి జరిగింది. ఆ జరగడం చూసి ఆయనకి నమ్మకం కుదిరింది. దొరలైతే తప్ప ఇంతసేపు నిలవరని తన పక్కవాడితో గట్టిగానే అన్నాడు. యూరోపియన్ పటాలాన్ని దాని మీదకి నడిపించాడు.

అట్ట తీశాను. సిపాయిలు.

ఫోర్డ్ ఆడుతున్న ఆవిడ నోరు విప్పలేదు. మధ్యవయసు మనిషి, ఆస్పత్రిలో నర్సునని ముందే చెప్పింది. పేక తిరుగుతోంది. కాన్‌ఫ్లాన్స్ ముక్క వస్తే తరమడం కొనసాగుతుంది, ఫోర్డ్ ముక్క వస్తే చేను కదులుతుంది. చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. మేనల్లుడు ముక్క తీసి నా వైపు చూశాడు, బల్ల మీద పెట్టాడు. ఫోర్డ్. ఆవిడ లేచి, పీచు పట్టా వెనక రెండు చేతులూ పెట్టి పన్నెండు బొమ్మల్నీ ఒక్కొక్కటే ముందుకి తెచ్చింది. కాన్‌ఫ్లాన్స్ పటాలానికి అడ్డంగా, పక్కన. ఆ వర్జీనియా ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆన్చి వంగి, పీచునీ బొమ్మల్నీ మార్చిమార్చి చూసి, "అక్కడే ఉన్నారా ఇంతసేపూ!" అన్నాడు. ఆ ఆశ్చర్యాన్ని ఓర్మ్ పుస్తకం ఎన్నిసార్లు చదివినా నేను పొందలేదు. కాన్‌ఫ్లాన్స్ మొహం ఎలా ఉండివుంటుందో నాకు ఆ నిమిషంలో తెలిసింది.

కానీ ఆ రోజు ఆటలో అసలైనది అది కాదు. బల్ల మూలన, ఎండిన చెరువు పల్లంలో ఆనందరాజు సేన ఉంది. 5,000 మంది కాల్బలం, 500 మంది రౌతులు. కొందరికి నాటు తుపాకులు, మిగతావాళ్ళకి ఈటెలు, విల్లమ్ములు. ఓర్మ్ వాళ్ళని చాలా చులకనగా రాశాడు. చెరువు పల్లంలో నక్కి ఉండిపోయారనీ, ఫోర్డ్ ఎన్ని కబుర్లు పంపినా తరమడానికి రాలేదనీ ఆయన ఫిర్యాదు. ఈ సన్నివేశాన్ని ఆడించే ఇంగ్లీషు ఆటల్లో చాలావరకు రాజు సేనని ఆటగాడికి ఇవ్వరు, ఊరికే మూలన పెడతారు. నాకది సమ్మతం కాదు. యుద్ధానికి కారణమైనవాడు, ఖర్చు భరిస్తానన్నవాడు ఆయన. ఒప్పందం ప్రకారం రాజమహేంద్రవరం చేతికొచ్చాక కంపెనీ సేనకి నెలకి 50,000 రూపాయలు ఇవ్వాలి. అలాంటివాణ్ణి బొమ్మని చేసి నిలబెడితే అది చందుర్తి కాదు. అందుకని మా ఆటలో ఆయనకి విడిగా లెక్క పెట్టాను. ఫ్రెంచివాళ్ళు బల్ల దాటిపోతే కొన్ని మార్కులు, వాళ్ళ ఫిరంగులు తన మనుషుల చేతికే చిక్కితే కొన్ని, తన మనుషులు ఎంతమంది మిగిలితే అన్ని. ఫోర్డ్ గెలుపు ఆయన గెలుపు కావచ్చు, కాకపోవచ్చు.

ఒహాయో నుంచి వచ్చిన రిటైర్డ్ బడిపంతులు ఆ వేషం తీసుకున్నాడు. మొదటి రెండు గంటలు ఒక్క బొమ్మనీ కదపలేదు. ఫోర్డ్ ఆవిడ రెండుసార్లు చీటీ పంపింది, కదలమని. ఆటలో సేనానులు మాట్లాడుకోకూడదు, చీటీ రాసి నాకివ్వాలి, నేను కాసేపాగి అందిస్తాను. ఆయన రెండింటికీ మర్యాదగా జవాబు రాశాడు, కదల్లేదు. ఫ్రెంచి వరస విరిగి ఫిరంగులు వదిలేశాక అప్పుడు 1988 నాటి ఆ రౌతుల్ని గట్టెక్కించాడు. నాలుగు ఫిరంగులు పట్టుకున్నాడు. ఆట ముగిసేసరికి అందరికన్నా ఎక్కువ మార్కులు ఆయనవే.

"మీరు కావాలనే ఆగారా?" అని అడిగాను.

"ఈ ఫిరంగులకి ఎదురు నా వాళ్ళని పంపితే రేపు నాకు సేన ఉండదు. సేన లేని రాజుతో ఈ ఇంగ్లీషు కల్నల్ ఎల్లుండి ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు" అన్నాడాయన.

ఓర్మ్ పిరికితనం చూసిన చోట ఈయనకి లెక్క కనపడింది. ఆనందరాజు మనసులో నిజంగా ఇదే ఉందని నేననను. భయపడే ఉండవచ్చు, ఫిరంగి ముందు భయం తప్పు కాదు. కానీ ఆయన స్థానంలో ఒక మనిషిని కూర్చోబెడితే తప్ప ఈ ప్రశ్నే పుట్టదు. గెలిచినవాడు రాసిన పుస్తకం చేతిలో ఉన్నంతసేపు మనం ఫోర్డ్ గుర్రం మీదనుంచే పొలం చూస్తాం. చెరువు పల్లంలోంచి చూస్తే ఎలా ఉంటుందో తెలుగువాళ్ళమైనా మనం అడగలేదు. విజయనగరం వైపు నుంచి ఆ పొద్దుటి సంగతి ఎవరైనా రాసి ఉంటే చదవడానికి నేను ఎంత దూరమైనా వెళతాను.

పెట్టెలు సర్దుతుంటే మేనల్లుడు అన్నాడు, "మావయ్యా, వచ్చే ఏడు బొబ్బిలి చేద్దాం. కోట నేను కడతాను. బురుజులు, గడ్డి కప్పులు, అన్నీ."

"బొబ్బిలి వద్దురా."

"ఎందుకు?"

వాడు సినిమా చూశాడు, కథ తెలుసు. అయినా చెప్పాను. కోట పడుతుందని తెలిసినప్పుడు లోపల ఆడవాళ్ళకీ పిల్లలకీ ఏం జరిగిందో, వాళ్ళని చంపిన చేతులు ఎవరివో. ఆ బల్లకి మార్కులు ఎలా వేస్తాం? మిగతావి ఎన్నైనా ఆడదాం. సైనికుడు సైనికుణ్ణి ఎదుర్కొన్న చోట ఎవరి ఆలోచన ఏమిటని అడగవచ్చు. ఆ కోట లోపలి సాయంత్రాన్ని పాచికలకి ఇవ్వడం నా చేత కాదు. అక్కడ ఉన్నవాళ్ళలో కొందరు నాతో ఏకీభవించరని నాకు తెలుసు, ఇలాంటి కోటలు వాళ్ళు ఎన్నో ఆడారు. ఎవరి గీత వాళ్ళది. వాడు కాసేపు తాటిచెట్లు డబ్బాలో పేరుస్తూ ఉండిపోయాడు. తర్వాత, "అయితే మచిలీపట్నం?" అన్నాడు.

ఆ మాట ఒహాయో పంతులుగారి చెవిన పడింది. అదేమిటని అడిగాడు. 1759 ఏప్రిల్లో రాత్రిపూట దాడి, కోట చుట్టూ ఉప్పునీటి బురద, కోటకి ఒక్కటే గట్టు దారి, ఫోర్డ్ దగ్గర డబ్బు లేదు, గుళ్ళు అడుగంటాయి, వెనక సలాబత్ జంగ్ సేన వస్తోంది అని చెప్పాను. రాజు సేన కూడా అక్కడ ఉందా అన్నాడు. ఉంది, శత్రువు చూపు మళ్ళించడానికి ఆ గట్టు దారి మీద అలజడి చేసే పని వాళ్ళదే అన్నాను.

ఆయన కుర్చీ మళ్ళీ లాక్కుని కూర్చున్నాడు. చీకట్లో ఎవరు ఎక్కడున్నారో ఎలా చూపిస్తాం, బురదలో నడిచేవాడికి టేపు ఇవ్వాలా పాచిక ఇవ్వాలా అని ముగ్గురం మాట్లాడుకున్నాం. ఎవరెంత దూరం నడిచారో ఆటగాళ్ళకి చెప్పకుండా, ఇంకో గదిలో పటం మీద నేనొక్కణ్ణే గుర్తులు పెట్టుకోవడం మేలని మేనల్లుడు తేల్చాడు. అప్పటికి మా బల్ల కోసం తర్వాతి ఆటవాళ్ళు తమ పెట్టెలతో వచ్చి నిలబడ్డారు. రాజుగారి వేషం తనకే ఉంచమని చెప్పి ఆయన తన ఊరి పేరు, ఫోను నంబరు మా నియమాల కాగితం వెనక రాసిచ్చాడు.